డలోనెగా టంకశాల బంగారు నాణేలు సేకరించడం ఎలా: ఏది ముందు కొనాలి, కొనేముందు ఏం చూడాలి

1850ల నాటి అమెరికన్ ఐదు డాలర్ల బంగారు నాణెం ఒకటి చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పండి, గద్ద బొమ్మ చుట్టూ అక్షరాలు ఉంటాయి, అన్నిటికన్నా కింద "ఫైవ్ డి" అని ఉంటుంది. కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళు దాదాపు అందరూ ఆ డి ని చూసి ఆహా డలోనెగా (అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని పాత టంకశాల) నాణెం దొరికింది అనుకుంటారు. అది టంకశాల గుర్తు కాదండీ, డాలర్స్ అనే మాటకి పొట్టి రూపం, అమెరికా ప్రధాన టంకశాల ఉన్న ఫిలడెల్ఫియాలో ముద్ర వేసిన వాటి మీద కూడా అదే ఉంటుంది. మనకి కావాల్సిన డి దానికి కాస్త పైన, గద్ద తోకకీ కింద అక్షరాలకీ మధ్య ఖాళీలో ఒంటరిగా, చాలా చిన్నగా ఉంటుంది, మామూలు కంటితో చూస్తే ఒక చుక్కలా అనిపిస్తుంది. ఆ చిన్న అక్షరం ఒక్కటి ఉంటే నాణెం విలువ ఎన్నో రెట్లు మారిపోతుంది, అందుకే ముందు కళ్ళని దానికి అలవాటు చేయాలి. రెండున్నర డాలర్ల నాణెం మీద కూడా ఇదే తంతు, కింద "రెండున్నర డి" అని ఉంటుంది, దాన్నీ పట్టించుకోకండి.

ఇంకో డి కూడా ఉంది, అది డెన్వర్. డెన్వర్ టంకశాల 1906 లో నాణేలు మొదలుపెట్టింది, దాని గుర్తు కూడా డి నే. కానీ డలోనెగా 1838 నుంచి 1861 వరకే నడిచింది కాబట్టి తేదీ చూస్తే చాలు గొడవ ఉండదు. తేదీ సరిగ్గా కనపడకపోతే ఐదు డాలర్ల నాణెంలో గద్ద తల పైన "ఇన్ గాడ్ వి ట్రస్ట్" అని రాసిన పట్టీ ఉందేమో చూడండి, అది 1866 తర్వాత వచ్చిందే, అది ఉంటే డలోనెగా అయ్యే ఛాన్స్ లేదు. ఇక డెన్వర్ లో డాలర్ బంగారు నాణెం ఎప్పుడూ మామూలు వాడకానికి ముద్ర వేయలేదు.

అసలు జార్జియా కొండల్లో అంత చిన్న ఊళ్ళో టంకశాల ఎందుకు పెట్టారో తెలిస్తే నాణేలు ఎందుకిలా ఉంటాయో కూడా అర్థమవుతుంది కాబట్టి కొంచెం చెప్తాను. 1828, 29 ప్రాంతంలో ఉత్తర జార్జియాలో బంగారం బయటపడింది, ఆ నేల చెరోకీ అనే ఆదివాసీ జాతి వాళ్ళది, డలోనెగా అనే పేరు కూడా పసుపు అని అర్థం వచ్చే చెరోకీ మాట నుంచి వచ్చిందే. జార్జియా ప్రభుత్వం 1832 లో లాటరీ పెట్టి ఆ నేలని పంచేసింది, బంగారం ఉన్న చోట 40 ఎకరాల ముక్కలుగా కోసింది. తవ్వినవాళ్ళ చేతిలో బంగారు పొడి ఉంది కానీ డబ్బు లేదు, నాణెంగా మార్చాలంటే ఫిలడెల్ఫియా దాకా పంపాలి, దారిలో దొంగలు, ఖర్చు, నెలలు. మధ్యలో టెంపుల్టన్ రీడ్ అనే ఆయన 1830 లో జార్జియాలో సొంతంగా బంగారు నాణేలు చేశాడు కూడా. చివరికి 1835 మార్చిలో ప్రెసిడెంట్ ఆండ్రూ జాక్సన్ సంతకంతో షార్లెట్, డలోనెగా, న్యూ ఆర్లీన్స్ మూడు చోట్లా బ్రాంచ్ టంకశాలలు పెట్టే చట్టం వచ్చింది. డలోనెగాలో 1838 లో నాణేలు మొదలయ్యాయి. అదే ఏడాది చెరోకీ వాళ్ళని సైన్యంతో ఇళ్ళలోంచి లాగి పడమటికి నడిపించారు, దారిలో వేల మంది చనిపోయారు. 1838-డి, అంటే 1838 లో డలోనెగాలో వేసిన నాణెం, చేతిలో పట్టుకున్నప్పుడల్లా నాకు ఈ రెండూ కలిపే గుర్తొస్తాయి, ఈ నాణేలు సేకరించే ప్రతి ఒక్కరూ ఈ సంగతి తెలుసుకుని ఉండాలని నా అభిప్రాయం.

ఇక్కడ వెండి, రాగి నాణేలు లేవు, మొత్తం బంగారమే. నాలుగు రకాలు: డాలర్, రెండున్నర డాలర్లు అంటే క్వార్టర్ ఈగిల్, మూడు డాలర్లు, ఐదు డాలర్లు అంటే హాఫ్ ఈగిల్. ఇరవై మూడేళ్ళ పైచిలుకులో అన్నీ కలిపి సుమారు 13.8 లక్షల నాణేలు, వాటి ముఖవిలువ 60 లక్షల డాలర్ల పైన. వినడానికి ఎక్కువే కానీ అప్పట్లో టంకశాల గుర్తు చూసి దాచుకునే అలవాటు ఎవరికీ లేదు, అందరూ ఖర్చు పెట్టారు, అరిగిపోయాయి, కరిగించేశారు, మిగిలినవి చాలా తక్కువ. అందుకే డలోనెగా నాణెం అంటే ఎక్కువగా బాగా చేతులు మారినదే దొరుకుతుంది, కొత్తదానిలా తళతళలాడేది చాలా అరుదు, అది ఆశించి మొదలుపెడితే నిరాశే.

ఎన్ని కొంటే పూర్తి సెట్ అవుతుంది అని అడుగుతారు. ఏడాదికి ఒకటి చొప్పున లెక్కేస్తే డాలర్లు 1849 నుంచి 1861 వరకు 13, క్వార్టర్ ఈగిల్స్ 1839 నుంచి 1857 వరకు వరసగా, మళ్ళీ 1859 లో ఒకటి, మొత్తం 20, మూడు డాలర్లది 1854 లో ఒక్క ఏడాదే, హాఫ్ ఈగిల్స్ 1838 నుంచి 1861 దాకా ఏడాది తప్పకుండా 24. కలిపితే 58. దీన్ని పూర్తి చేసినవాళ్ళు ఉన్నారు, దానికి చాలా డబ్బు, అంతకన్నా ఎక్కువ ఏళ్ళు కావాలి. మొదటి నాణెం కొనకముందే 58 గురించి ఆలోచించొద్దు అంటాను నేను.

మొదటిది హాఫ్ ఈగిల్ కొనండి. ఎందుకంటే అవే ఎక్కువ ముద్ర వేశారు, పైగా నాణెం పెద్దది, 21 మిల్లీమీటర్ల పైన వెడల్పు ఉంటుంది, చూసి నేర్చుకోవడానికి చోటు ఉంటుంది. 1843-డి 98,452 వేశారు, 1852-డి 91,584, 1853-డి 89,678, 1844-డి 88,982, ఇలాంటి ఏళ్ళవి వెతికితే దొరుకుతాయి, పోల్చి చూసుకోవడానికి పది ఫోటోలు కూడా దొరుకుతాయి. దొరుకుతాయి అన్నానని చవక అనుకోకండి, మామూలు ఏడాదిదైనా అరిగినదైనా వేల డాలర్లలోనే ఉంటుంది. ఇందులో ఉన్న బంగారం ఏడున్నర గ్రాములే, అంటే పావు ఔన్స్ కన్నా కొంచెం తక్కువ, మీరు ఇచ్చే డబ్బులో మిగతాదంతా ఆ చిన్న డి కోసం ఇస్తున్నట్టు. కాబట్టి బంగారం మీద పెట్టుబడి అనే ఆలోచనతో ఈ వైపు రావొద్దు, దానికి వేరే మామూలు బంగారు నాణేలు ఉన్నాయి.

డాలర్ నాణెం చిన్నదిగా ముద్దుగా ఉంటుంది కానీ మొదట కొనడానికి మంచిది కాదు. 13 మిల్లీమీటర్లు అంటే చొక్కా గుండీ అంత, బరువు 1.67 గ్రాములు, 1854 మధ్య నుంచి 15 మిల్లీమీటర్లకి పెంచారు, పలచన చేశారు, బరువు అదే. అంత చిన్నదాని మీద శుభ్రం చేసిన గీతలా, అచ్చులో లోపమా అని తేల్చడం అనుభవం లేకుండా కష్టం. పదమూడేళ్ళలో 1849 లో మాత్రమే పదివేలు దాటాయి, మిగతా ప్రతి ఏడాదీ పదివేల లోపే. 1855-డి 1,811 మాత్రమే, ఆ ఒక్క ఏడాదే డలోనెగాలో టైప్ టూ అనే డిజైన్ వచ్చింది కాబట్టి టైప్ సెట్, అంటే ఒక్కో డిజైన్ కి ఒక్కో నాణెం చొప్పున సెట్ చేసేవాళ్ళు కూడా దాని మీదే పడతారు, రేటు ఆకాశంలో ఉంటుంది.

క్వార్టర్ ఈగిల్స్ నాకు చాలా ఇష్టం కానీ ఓపిక కావాలి. 1843-డి 36,209 ఉంది, 1844 నుంచి 1848 వరకు ఉన్నవి కూడా పర్లేదు, 1852 నుంచి మాత్రం ఏ ఏడాదీ ఐదువేలు దాటలేదు. 1855-డి 1,123, 1856-డి అయితే 874, ఈ టంకశాలలో లెక్క రాసి ఉన్న వాటిల్లో అన్నిటికన్నా తక్కువ అదే. ఎందుకు తగ్గాయి అంటే 1848 లో కాలిఫోర్నియా బంగారం బయటపడగానే ఇక్కడి తవ్వకందార్లు చాలామంది అటు వెళ్ళిపోయారు, కొన్నేళ్ళు కాలిఫోర్నియా బంగారం కొంత ఇక్కడికి తెచ్చి నాణేలు వేయించుకున్నారు, 1854 లో శాన్ ఫ్రాన్సిస్కోలోనే టంకశాల తెరవడంతో అదీ తగ్గిపోయింది.

సెట్ ఎలా ప్లాన్ చేసుకోవాలో రకరకాల దారులున్నాయి. నాలుగు రకాల్లో ఒక్కోటి కొందాం అనుకుంటే మూడు డాలర్ల 1854-డి దగ్గర ఆగిపోతారు, అది 1,120 మాత్రమే వేశారు, ఇంకో ఏడాది లేదు. అది వదిలేసి మిగతా మూడు రకాలతో సెట్ చేసుకోవడం చాలా మందికి సరిపోతుంది, తప్పేం లేదు. నాకు నచ్చిన దారి వేరే ఉంది: ముందు వైపు డి ఉన్నవి మూడే, 1838-డి హాఫ్ ఈగిల్, 1839-డి హాఫ్ ఈగిల్, 1839-డి క్వార్టర్ ఈగిల్. మూడింటిలోనూ తేదీ పైన, లిబర్టీ (ముందు వైపు ఉండే ఆడమనిషి తల) మెడ కింద అక్షరం ఉంటుంది, 1840 నుంచి వెనక్కి మార్చేశారు. ఈ మూడూ డలోనెగాలో ఒక్క ఏడాది డిజైన్లే, 1838-డి ఈ టంకశాల మొదటి ఏడాది నాణెం, 20,583 వేశారు. మూడు నాణేల్లో ఒక కథ అంతా వచ్చేస్తుంది.

1861 గురించి చెప్పకపోతే కుదరదు. జార్జియా ఆ ఏడాది జనవరి 19న యూనియన్ నుంచి, అంటే అమెరికా సమాఖ్య నుంచి విడిపోయింది, తర్వాత టంకశాల కాన్ఫెడరేట్ వాళ్ళ, అంటే విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల చేతికి వెళ్ళింది, లోపల మిగిలిన బంగారంతో, ఫిలడెల్ఫియా నుంచి ముందే వచ్చి ఉన్న అచ్చులతో వాళ్ళు నాణేలు వేశారు. హాఫ్ ఈగిల్స్ 1,597 యూనియన్ లెక్కల్లో ఉన్నాయి, ఆ తర్వాత వాళ్ళు ఇంకొన్ని వేశారు. డాలర్లు ఎన్ని వేశారో ఎక్కడా రాసిపెట్టి లేదు, అవన్నీ వాళ్ళ హయాంలో వచ్చినవే అని ఒప్పుకుంటారు. 1861-డి డాలర్ అందుకే అమెరికన్ బంగారు డాలర్లలో అందరూ కోరుకునేదిగా మారింది, పదుల వేల డాలర్ల మాట అది. ఎవరైనా దాన్ని అగ్గువకి ఇస్తాం అంటే వెంటనే పక్కకి తప్పుకోండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను, ఈ నాణేల్లో నేను చెప్పదల్చుకున్నది ముఖ్యంగా ఇదే. డలోనెగా నాణెం గ్రేడ్ నంబర్ చూసి కొనకూడదు, ఆ ఏడాది నాణెం మామూలుగా ఎలా ఉంటుందో తెలుసుకుని కొనాలి.

గ్రేడ్ అంటే 1 నుంచి 70 వరకు ఉండే స్కేల్, 20 నుంచి 35 వరకు వీఎఫ్ అంటే ఓ మాదిరిగా అరిగినది, 40, 45 ఎక్స్‌ఎఫ్, 50 నుంచి 58 ఏయూ అంటే దాదాపు వాడనట్టు ఉన్నది, 60 పైన ఎంఎస్ అంటే వాడని నాణెం. ఇది ఎక్కువగా అరుగుదల చూసి ఇచ్చేది. కానీ డలోనెగాలో చాలా నాణేలు అరగకముందే అరిగినట్టు ఉంటాయి! అచ్చులన్నీ ఫిలడెల్ఫియాలో చేసి పంపేవారు, కొత్త అచ్చు రావాలంటే చాలా రోజులు పట్టేది కాబట్టి ఉన్నవాటినే చివరిదాకా వాడేవారు, ప్రెస్సు సెట్టింగ్ సరిగ్గా లేకపోయినా పని ఆపేవారు కాదు. దాంతో గద్ద మెడ, కాళ్ళు, మధ్య భాగం సరిగ్గా ముద్ర పడవు, అంచు పళ్ళు కొన్ని చోట్ల ఉండనే ఉండవు. 1856-డి, 1860-డి, 1861-డి డాలర్లలో "యునైటెడ్" లో మొదటి అక్షరం యు దాదాపు కనపడదు, అది దెబ్బ కాదు, ముద్రలోనే అంతే, అలా ఉండటమే మామూలు. తెలియనివాడు దాన్ని లోపం అనుకుని వదిలేస్తాడు, ఇంకోడు 1853-డి లో గద్ద తొడ నున్నగా ఉంటే స్ట్రైక్ వీక్, అంటే ముద్రే సరిగ్గా పడలేదు అని నమ్మి అరిగిపోయినదానికి ఎక్కువ డబ్బు పెడతాడు.

తేడా కనిపెట్టడం ఇలా. 5 రెట్లు, 10 రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి, ఒకే ఒక బల్బు ఉన్న టేబుల్ లైటు, గదిలో మిగతా లైట్లు ఆపేయండి. నాణెం అంచులు పట్టుకుని లైటు కింద నెమ్మదిగా అటూ ఇటూ వంచండి, వెలుగు ఒక చక్రం ఆకుల్లా నాణెం మీద తిరగాలి, దాన్నే లస్టర్ అంటారు. బలహీనంగా కనిపించే చోట కూడా ఆ వెలుగు ఆగకుండా పోతుంటే, భూతద్దంలో అక్కడ బంగారం ఉపరితలం కాస్త గరుకుగా, సన్న గింజల్లా ఉంటే అది ముద్ర పడని చోటు. అక్కడికి రాగానే వెలుగు చచ్చిపోయి, ఉపరితలం నున్నగా, రంగు కొంచెం మందంగా మారితే అది అరుగుదల. లిబర్టీ చెవి పైన జుట్టు, కిరీటం మొన, గద్ద రెక్కల పై అంచులు ముందు అరుగుతాయి, అక్కడ నుంచి చూడటం మొదలుపెట్టండి. ఒక పది నాణేలు ఇలా చూస్తే గానీ కన్ను పట్టుకోదు, పది కొనక్కర్లేదు, కాయిన్ షోల్లో డీలర్ల టేబుల్ దగ్గర అడిగితే చూపిస్తారు, మెత్తటి గుడ్డ మీదే పట్టుకుని చూడండి, పడేస్తే మీదే బాధ్యత.

రెండోది రంగు. చట్టం ప్రకారం ఈ నాణేల్లో 90 శాతం బంగారం, మిగతా పదిలో రాగీ వెండీ ఉండొచ్చు, వెండి సగం మించకూడదు, 1837 చట్టంలోనే ఉంది. జార్జియా బంగారంలో సహజంగానే వెండి కలిసి ఉంటుంది, దాన్ని పూర్తిగా విడదీసేవాళ్ళు కాదు, అందుకే చాలా డలోనెగా నాణేలు కొంచెం ఆకుపచ్చ ఛాయతో పసుపుగా ఉంటాయి, ఎర్రటి ఫిలడెల్ఫియా బంగారం పక్కన పెడితే తేడా వెంటనే తెలుస్తుంది. నా దగ్గర ఒక 1853-డి ఉంది, ఎక్స్‌ఎఫ్ గ్రేడ్, పెద్ద గొప్ప నాణెం కాదు. కానీ అక్షరాల మధ్య, నక్షత్రాల పక్కన ముదురు మట్టిరంగు పేరుకుని ఉంటుంది, మధ్య మైదానం (బొమ్మ లేని ఖాళీ భాగం) అంతా ఆ పచ్చటి పసుపు, లిబర్టీ చెంప మీద కొద్దిగా నారింజ. 170 ఏళ్ళుగా ఎవరూ దాన్ని కదపలేదని ఆ మట్టే చెప్తుంది. దానికన్నా పైగ్రేడ్ నాణేలు నాలుగైదు చూశాను, వాటికోసం దీన్ని ఇవ్వబుద్ధి కాలేదు.

ఎందుకంటే ఇంతకు ముందు నేను మోసపోయాను. మొదట్లో ఒక షోలో స్లాబ్ (గ్రేడింగ్ కంపెనీ నాణేన్ని పరీక్షించి సీల్ చేసి ఇచ్చే ప్లాస్టిక్ పెట్టె) లేని 1847-డి కొన్నాను, అద్దంలా మెరుస్తోంది, అన్ని వైపులా ఒకే రంగు, చూడగానే పడిపోయాను. ఇంటికొచ్చి లైటు కింద వంచితే లిబర్టీ ముఖం మీదుగా సన్నటి గీతలు, వెంట్రుకల్లాగ, అన్నీ ఒకే దిశలో, పైన మైదానంలో మొదలై అక్షరాల దగ్గర ఆగి అవతల మళ్ళీ మొదలవుతున్నాయి. ఎవరో గుడ్డతో రుద్దారు. గ్రేడింగ్‌కి పంపితే నంబర్ ఇవ్వకుండా "డీటెయిల్స్, క్లీన్డ్" అని రాసి తిరిగొచ్చింది, అమ్మినప్పుడు పెట్టిన డబ్బులో మూడో వంతు పోయింది. అప్పటి నుంచి అన్నివైపులా ఒకే మెరుపుతో ఉన్న దక్షిణాది బంగారు నాణెం చూస్తే ముందు అనుమానపడతాను. మీరు మాత్రం మీ చేతుల్తో ఎప్పుడూ శుభ్రం చేయకండి, ఏ పౌడరు, ఏ పేస్టు, సబ్బు కూడా వద్దు, కొండ నాలిక్కి మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టు అవుతుంది. పాత ప్లాస్టిక్ కవర్లలో ఉండి ఆకుపచ్చ జిగురు పట్టినదైతే మాత్రం స్వచ్ఛమైన అసిటోన్ లో ముంచి తీయొచ్చు, రుద్దకుండా, గాలి ఆడే చోట, మంటకి దూరంగా, అది కూడా స్లాబ్ లో లేనిదానికే.

ఇంకో రకం దెబ్బ నగల వల్ల. పాతకాలంలో చాలా నాణేలకి కొక్కెం పెట్టి గొలుసుల్లో వేసుకున్నారు, తర్వాత ఆ కొక్కెం తీసి అంచు సరిచేసి అమ్మేస్తారు. అంచు చుట్టూ తిప్పి చూడండి, గాట్లు ఎక్కడైనా ఆగిపోయి నున్నగా ఉన్నా, 12 గంటల స్థానం దగ్గర రంగు తేడాగా ఉన్నా, టంకం మచ్చలా తెల్లటి బూడిదరంగు కనపడినా అనుమానమే. ఫోటోల్లో అంచు కనిపించదు, అందుకే స్లాబ్ లేని నాణెం ఆన్‌లైన్ ఫోటో చూసి కొనొద్దని గట్టిగా చెప్తున్నాను.

దొంగవి రెండు రకాలు. మొత్తం కొత్తగా పోతపోసినవి లేదా అచ్చేసినవి ఒకటి, నిజమైన ఫిలడెల్ఫియా నాణెం మీద డి అతికించినవి రెండోది. మొదటిదానికి తూకం సాయపడుతుంది, హాఫ్ ఈగిల్ 8.36 గ్రాములు, క్వార్టర్ ఈగిల్ 4.18, మూడు డాలర్లది 5.02, డాలర్ 1.67. అరిగిన నాణెం కొద్దిగా తక్కువ తూగొచ్చు, ఎక్కువ తూగకూడదు. నీళ్ళలో వేలాడదీసి తూచి సాంద్రత కట్టగలిగితే 17.2 దగ్గరలో రావాలి, బంగారమే వాడి చేసిన దొంగదైతే ఇదీ పాస్ అయిపోతుంది కాబట్టి దీని మీదే ఆధారపడకండి. రెండో రకాన్ని తూకం పట్టుకోలేదు, నాణెం నిజమైనదే కదా. అక్కడ భూతద్దంలో డి చుట్టూ ఉన్న బంగారం చూడాలి, గీత, జిగురు, రంగు తేడా, గీకిన ఆనవాలు ఏదన్నా ఉందా అని. ఇంకా గట్టి పరీక్ష ఏంటంటే డి ఉన్న చోటు. ప్రతి ఏడాదికీ వాడిన అచ్చులు కొన్నే, ప్రతి అచ్చులో డి చేత్తో కొట్టినది కాబట్టి ఒక్కోదానిలో ఒక్కో చోట ఉంటుంది, ఎడమకి ఒరిగి, రెక్క ఈకకి దగ్గరగా, ఇలా. ఆ ఏడాదికి తెలిసిన ఏ చోటుకీ సరిపోకపోతే ఆ నాణెం కొనొద్దు. ఈ అలవాటు వల్ల ఇంకో లాభం ఉంది, 1846-డి హాఫ్ ఈగిల్ లో డి మీద డి రెండుసార్లు కొట్టినది ఉంటుంది, 1842-డి హాఫ్ ఈగిల్ లో చిన్న తేదీ, పెద్ద తేదీ రెండు రకాలు, పెద్ద తేదీది చాలా అరుదు, చూడటం వచ్చినవాడికి ఇవి కనపడతాయి.

వీటన్నిటి తర్వాత కూడా మొదటి కొన్నేళ్ళు గ్రేడింగ్ కంపెనీలైన పీసీజీఎస్ లేదా ఎన్‌జీసీ స్లాబ్ లో ఉన్నదే కొనండి. స్లాబ్ మీద ఉన్న నంబర్ వాళ్ళ వెబ్‌సైట్‌లో కొట్టి, తేదీ, గ్రేడ్, ఫోటో ఉంటే ఫోటో కూడా మీ చేతిలో ఉన్నదానితో పోల్చండి, ఎందుకంటే స్లాబ్‌లకి కూడా దొంగవి ఉన్నాయి. స్లాబ్ మీద సీఏసీ అనే ఇంకో సంస్థ అతికించే ఆకుపచ్చ స్టిక్కర్ ఉంటే ఆ గ్రేడ్‌కి నిలబడే నాణెం అని ఇంకొకరు చూసి చెప్పినట్టు, డలోనెగా నాణేల్లో దీనికి విలువ ఇస్తాను, ఎందుకంటే ఒకే 50 నంబర్ ఉన్న రెండు నాణేల్లో ఒకటి అందంగా, ఇంకోటి రుద్దినట్టు ఉండటం ఇక్కడ మామూలే. స్టిక్కర్ లేదని మంచి నాణెం వదలక్కర్లేదు, చాలా వాటిని అసలు పంపి ఉండరు. అలాగే గ్రేడింగ్ కంపెనీల లెక్కల్లో ఫలానా ఏడాదికి ఇన్ని ఉన్నాయి అని చూపిస్తారు, అందులో ఒకే నాణెం స్లాబ్ పగలగొట్టి మళ్ళీ మళ్ళీ పంపినవి కూడా ఉంటాయి, అసలు సంఖ్య అంతకన్నా తక్కువే అనుకోండి.

రేటు కోసం హెరిటేజ్, స్టాక్స్ బవర్స్ లాంటి వేలం కంపెనీల పాత అమ్మకాలు వెతకండి, ఫోటోలతో సహా ఉంటాయి. మీరు కొనాలనుకున్న ఏడాదివి, అదే గ్రేడ్‌వి ఒక పదిహేను తీసి పక్కపక్కన పెట్టి చూస్తే ఎక్కువ పలికినవి ఎందుకు పలికాయో ఫోటోలోనే తెలిసిపోతుంది, ఆ ఏడాది మామూలు ముఖం ఏంటో కూడా అప్పుడే కంటికి పడుతుంది. వేలంలో పాడేటప్పుడు పైన కట్టాల్సిన బయ్యర్స్ ప్రీమియం మర్చిపోకండి, 20 శాతం అయితే 3,000 కి పాడింది 3,600 అవుతుంది. కొన్ని రాష్ట్రాల్లో సేల్స్ టాక్స్ కూడా పడుతుంది. అమ్మేటప్పుడు లాభం వస్తే అమెరికాలో కలెక్టిబుల్స్ కింద ఏడాది దాటినవాటికి గరిష్ఠంగా 28 శాతం వరకు ఫెడరల్ టాక్స్ ఉంటుంది, అందుకే కొన్న రసీదు నాణెం ఉన్నంతకాలం దాచాలి.

వీలైతే ఒకసారి డలోనెగా వెళ్ళండి. 1836 నాటి పాత కోర్టు భవనం ఇప్పుడు గోల్డ్ మ్యూజియం, అక్కడ ఈ టంకశాల నాణేలు అద్దాల్లో పెట్టి ఉంటాయి. టంకశాల భవనం 1878 లో కాలిపోయింది, అప్పటికే అందులో కాలేజీ నడుస్తోంది, ఆ పునాదుల మీదే కట్టిన ప్రైస్ మెమోరియల్ హాల్ ఇప్పుడు యూనివర్సిటీ ఆఫ్ నార్త్ జార్జియాలో ఉంది, శిఖరానికి బంగారు రేకు తొడిగి ఉంటుంది.

దాచడం గురించి కొంచెమే చెప్తాను. స్లాబ్‌లో ఉంటే చాలావరకు భయం లేదు, తేమ లేని చోట, బ్యాంక్ లాకర్ మంచిది. ఇంటి ఇన్సూరెన్స్ నాణేలకి ఇచ్చేది సాధారణంగా చాలా తక్కువ, విడిగా పాలసీ తీసుకోవాలి. పీవీసీ ఉన్న మెత్తటి ప్లాస్టిక్ కవర్లు దగ్గరికి రానివ్వకండి. ప్రతి నాణేనికీ రెండు వైపులా ఫోటో తీసి, స్లాబ్ నంబర్, కొన్న తేదీ, ఇచ్చిన డబ్బు, ఎందుకు నచ్చి కొన్నారో ఒక రెండు వాక్యాలు రాసి పెట్టండి, అవి నాణెం దగ్గర కాకుండా వేరే చోట ఉంచండి, ఇంట్లో ఇంకొకరికి ఆ చోటు తెలిసి ఉండాలి.